ఆకును కాళ్ళతో రుచి చూసి గుడ్డు పెట్టే సీతాకోకచిలుకలు: చీనీ, ఆదొండ, గాడిదగడపాకు, జిల్లేడు

అనంతపురం, కడప జిల్లాల్లో బెట్టకు వదిలిన చీనీ (బత్తాయి) తోటకు మళ్ళీ నీళ్ళు పారించాక చెట్లు లేత చిగురు తొడుగుతాయి. ఆ చిగురు వెంటే నిమ్మ సీతాకోకచిలుక దిగుతుంది. నల్లటి రెక్కల మీద లేతపసుపు మచ్చలుండే ఈ జాతిని శాస్త్రజ్ఞులు పాపిలియో డెమోలియస్ అంటారు. పూల దగ్గర తేనె కోసం తిరిగేటప్పటి తీరు వేరు, ఇక్కడ తిరిగే తీరు వేరు. ఆడది ఆకులకు జానెడు ఎత్తులో తచ్చాడుతూ, ఒక ఆకు మీద క్షణం వాలి లేస్తుంది, పక్క కొమ్మ మీద వాలి మళ్ళీ లేస్తుంది. అలా ఎన్నో ఆకులను వదిలేశాక ఎక్కడో ఒకచోట పొట్ట కొస వంచి, ఒక మిల్లీమీటరు మించని గుండ్రటి లేతపసుపు గుడ్డు ఒక్కటి అంటించి పోతుంది. అదే తోట గట్టు మీదున్న వేప మీదా, కానుగ మీదా వాలి చూస్తుంది గానీ గుడ్డు మాత్రం పెట్టదు.

ఇంత ఏరివేత ఎందుకంటే, గుడ్డులోంచి వచ్చే పురుగు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. పక్క చెట్టుకు నడిచే శక్తి దానికి ఉండదు. తల్లి తప్పు ఆకు ఎంచుకుంటే పిల్ల అక్కడే ఆకలితో చస్తుంది. కనుక పిల్ల బతుకంతా తల్లి ఆ ఒకటి రెండు క్షణాల్లో చేసే పరీక్ష మీద నిలబడి ఉంది. ఆ పరీక్ష ప్రధానంగా రసాయన పరీక్ష.

చూపు, వాసన, ఆ తర్వాత కాలు

దూరం నుంచి ఆడ సీతాకోకచిలుక పచ్చదనాన్ని, ఆకు ఆకారాన్ని చూసి దగ్గరికి వస్తుంది. దగ్గరయ్యాక ఆకు వాసన పని చేస్తుంది. అమెరికాలో క్యారట్ జాతి మొక్కల మీద పెరిగే పాపిలియో పాలిజీన్స్ మీద 1980లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాల్లో, క్యారట్ ఆకు వాసన తోడైనప్పుడు అది నకిలీ ఆకుల మీద ఎక్కువసార్లు వాలింది. అయితే వాసన వాలేదాకానే తీసుకొస్తుంది. గుడ్డు పెట్టాలా వద్దా అన్న తీర్పు కాలిది.

సీతాకోకచిలుక ముందుకాళ్ళ చివరి భాగంలో రుచి తెలుసుకునే సన్నటి రోమాలు ఉంటాయి. ఆడది ఆకు మీద వాలగానే ఆ కాళ్ళతో గబగబా దరువు వేసినట్టు కొడుతుంది. ఆకు ఉపరితలం మీదా, గీసుకున్న చోటా ఉన్న ద్రవం ఆ రోమాల కొసన ఉన్న రంధ్రం గుండా లోపలి నాడీకణాలకు తగులుతుంది. జిల్లేడు మీద తిరిగే ప్లెయిన్ టైగర్ లాంటి జాతులు నాలుగు కాళ్ళ మీదే నిలబడినట్టు కనిపిస్తాయి. వాటి ముందుకాళ్ళు కురచబడి రొమ్ముకు ముడుచుకుని ఉంటాయి. నడకకు పనికిరాని ఆ పొట్టి కాళ్ళే ఆడదానికి ఆకు రుచి చూసే సాధనాలు.

సీతాకోకచిలుకలు పూలు ఎక్కువున్న చోట పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. పూలు పెద్ద సీతాకోకచిలుకకు తిండి మాత్రమే, దాని సంతానం మొలిచేది ఆకు మీద. కంది మొగ్గల్లో గుడ్లు పెట్టే పీ బ్లూ లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, ఎక్కువ జాతులకు కావలసింది ఆకే. అందులోనూ ఫలానా రసాయనాలున్న ఆకే.

చీనీ ఆకులో ఏముంది

నిమ్మజాతి సీతాకోకచిలుకల విషయంలో లోతైన పని జపాన్‌లో జరిగింది. అక్కడి పాపిలియో జూథస్ మన నిమ్మ సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం. క్యోటో విశ్వవిద్యాలయంలో రిత్సువో నిషిదా, ఆయన సహచరులు దాని మీద పరిశోధించి, నిమ్మజాతి ఆకుల్లో గుడ్డు పెట్టించే పదార్థాలు ఒకటీ రెండూ కావనీ, సుమారు పది ఉన్నాయనీ తేల్చారు. విసెనిన్-2, నారిరుటిన్, హెస్పెరిడిన్, రుటిన్ అనేవి ఫ్లేవనాయిడ్లు, అంటే మొక్కల్లో విరివిగా దొరికే ఒక రసాయన వర్గం. సైనెఫ్రిన్, స్టాకిడ్రిన్ నత్రజని ఉన్న పదార్థాలు. కైరో-ఇనోసిటాల్ చక్కెర లాంటిది. వీటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా కాగితానికి పూసి పెడితే ఆడది దాదాపు పట్టించుకోదు. కలిపి పూస్తే గుడ్లు పెడుతుంది.

అసలు విషయం ఈ కలయికలోనే ఉంది. రుటిన్ ఎన్నో మొక్కల్లో ఉంటుంది, ఇనోసిటాల్ కూడా అంతే. విడివిడిగా ఏదీ నిమ్మజాతికి గుర్తు కాలేదు. ఇవన్నీ తగు పాళ్ళలో ఒక్కచోట కలిసే ఆకు మాత్రం నిమ్మజాతిదే. చింతపండు, మిరియం, ఇంగువ, కరివేపాకు విడిగా వాసన చూస్తే ఏ వంటో చెప్పలేం, నాలుగూ కలిసి మరిగితే కళ్ళు మూసుకుని చారు అంటాం. సీతాకోకచిలుక కాలు ఆకును తెలుసుకునే తీరు అలాంటిదే.

2011లో జపాన్‌లోనే ఓజాకి బృందం ఈ జాతి కాలి రోమాల్లో సైనెఫ్రిన్‌ను పట్టుకునే గ్రాహక ప్రోటీన్‌ను గుర్తించి ప్రచురించింది. ఆ గ్రాహకం తయారుకాకుండా అడ్డుకుంటే, సైనెఫ్రిన్‌కు ఆడది స్పందించడం తగ్గింది. అంటే ఒక్కొక్క పదార్థాన్ని ఒక్కొక్క గ్రాహకం విడిగా చదువుతుందనీ, ఆ చదివినవన్నీ కలిసినప్పుడే పొట్ట వంగుతుందనీ అనుకోవచ్చు.

దగ్గరి చుట్టాలు కూడా ఒకే మిశ్రమాన్ని చూడవు. రాయలసీమ ఇళ్ళలో కరివేపాకు మీదా, నిమ్మ మీదా పెరిగే మరో జాతి కామన్ మార్మన్, అంటే పాపిలియో పాలిటిస్. ఇది శేషాచలం, నల్లమల కొండల్లో దొరికే ముళ్ళతీగ కొండకసింద మీద కూడా పెరుగుతుంది. ఆ తీగ ఆకు నుంచి ఈ జాతి చేత గుడ్డు పెట్టించే రెండు పదార్థాలను జపాన్ శాస్త్రజ్ఞులు 2003లో వేరుచేశారు. ఒకటి ప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి చుట్టం, రెండోది ఎరిథ్రోనిక్ ఆమ్లపు రూపం. జూథస్ చిట్టాలో వీటికి చోటు లేదు.

నిమ్మ సీతాకోకచిలుకలో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. దాని పురుగు చీనీ, నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకు లాంటి ఒకే కుటుంబపు మొక్కలతో పాటు, బావంచాల మొక్క మీద కూడా పెరుగుతుంది. బావంచాలు చిక్కుడు కుటుంబం. ఆస్ట్రేలియాలోనైతే ఈ జాతికి నిమ్మకన్నా బావంచాల చుట్టాలే ముఖ్యమైన ఆతిథ్య మొక్కలు, అంటే పురుగు తిని పెరిగే మొక్కలు. వృక్షశాస్త్రంలో ఈ రెండు కుటుంబాలకూ దగ్గరితనం లేదు. రసాయనంలో ఉంది: బొల్లి మందుల్లో బావంచ గింజ వాడడానికి కారణమైన సోరాలెన్, ఆ వర్గపు ఫ్యురానోకౌమరిన్లు నిమ్మజాతిలోనూ ఉన్నాయి. రూపం వేరైనా రసాయనం కలిసే మొక్కల మధ్య సీతాకోకచిలుకలు మారుతూ వచ్చాయన్న ఆలోచనను, నిమ్మ కుటుంబాన్నీ క్యారట్ కుటుంబాన్నీ ఉదాహరణగా చూపి, అమెరికా కీటక శాస్త్రజ్ఞుడు విన్సెంట్ డెథియర్ 1941లోనే ముందుకు తెచ్చాడు.

ఆదొండ ముళ్ళలో ఆవాల ఘాటు

కర్నూలు, అనంతపురం చిట్టడవుల్లో, పొలాల కంచెల్లో ఆదొండ, నల్లుప్పి లాంటి ముళ్ళపొదలు ఉంటాయి. పొలాల్లో వామింట, కుక్కవామింట కలుపుగా మొలుస్తాయి. వీటన్నిటిలో గ్లూకోసినొలేట్లు అనే గంధకపు పదార్థాలు ఉంటాయి, ముఖ్యంగా గ్లూకోకాపరిన్. ఆవాల్లోని సినిగ్రిన్ కూడా ఇదే వర్గం. ఆవాలు నూరితే ముక్కుకెక్కే ఘాటు ముందే గింజలో ఉండదు. కణాలు పగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము గ్లూకోసినొలేటును విరగ్గొడితే అప్పుడు పుడుతుంది.

చాలా పురుగులకు ఆ ఘాటు విషం. తెల్ల, పసుపు రంగు సీతాకోకచిలుకల్లో ఒక పెద్ద వర్గానికి మాత్రం అదే ఆహ్వానం. ఆదొండ కుటుంబం మీద గుడ్లు గుంపుగా పెట్టే పయనీర్, రెక్కల కొసలకు ఎరుపో నారింజో రంగుండే కొలోటిస్ జాతులు, నేలబారున మెల్లగా ఎగిరే తెల్లటి సైకీ అన్నీ ఈ రసాయనం వెంటే ఉన్నాయి. 1910లో డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు వెర్షాఫెల్ట్, క్యాబేజీ సీతాకోకచిలుక పురుగులు ముట్టని ఆకులకు సినిగ్రిన్ పూస్తే అవి తినడం మొదలుపెట్టాయని చూపించాడు. తర్వాతి దశాబ్దాల్లో తల్లి మీద జరిగిన ప్రయోగాలు కూడా ఇదే చెప్పాయి: సినిగ్రిన్ గానీ, అంతకన్నా గట్టిగా పనిచేసే గ్లూకోబ్రాసిసిన్ గానీ పూస్తే ఆడది కాగితం మీద కూడా గుడ్లు పెడుతుంది. సినిగ్రిన్ తగిలిన కాగితపు రంగును అది గుర్తుపెట్టుకుని, తర్వాత ఆ రంగునే వెతుక్కుంటుందని కూడా 1980లలో తేలింది. పుట్టుకతో వచ్చిన రుచికి నేర్చుకున్న చూపు తోడవుతుందన్న మాట.

ఆకర్షించే పదార్థం ఉన్నంత మాత్రాన సరిపోదు. యూరప్‌లో, అమెరికాలో కనిపించే ఎరిసిమమ్ అనే ఆవాల కుటుంబపు మొక్కలో గ్లూకోసినొలేట్లు పుష్కలం. దానితోపాటు గుండె మీద పనిచేసే కార్డినోలైడ్లు కూడా ఉన్నాయి. చిన్న క్యాబేజీ సీతాకోకచిలుక ఆ మొక్కను వదిలేస్తుంది. పిలిచే పదార్థాన్నీ వెళ్ళగొట్టే పదార్థాన్నీ కాలు ఒకేసారి చదివి తూకం వేస్తుంది. ఒక మొక్క మీద గుడ్లు ఎందుకు లేవని అడిగేటప్పుడు, ఏం లేదు అన్న ప్రశ్నతో పాటు ఏం అడ్డుపడింది అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

గాడిదగడపాకు, విషమే చిరునామా

నల్లరేగడి పొలాల్లో పత్తి మధ్య నేల మీద పాకే గాడిదగడపాకును రైతులు కలుపుగా పీకేస్తారు. కొండవాలుల్లో పాకే నల్లేశ్వరి తీగ దీని చుట్టం. రెండింటిలోనూ అరిస్టలోకిక్ ఆమ్లాలు ఉన్నాయి. ఇవి మనిషి కిడ్నీలను పాడుచేస్తాయి, క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైంది. కనుక ఈ ఆకును మందు పేరుతో నోట వేసుకోకూడదు. కామన్ రోజ్ సీతాకోకచిలుక పురుగులు మాత్రం దీన్నే తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని, ఎగిరే వయసులో పక్షుల నుంచి తప్పించుకుంటాయి.

ఈ వర్గంలో గుడ్డు పెట్టించే రసాయనాలను జపాన్‌లోనూ అమెరికాలోనూ విడివిడిగా పరీక్షిస్తే ఒకే తీరు బయటపడింది. జపాన్ జాతికి అరిస్టలోకిక్ ఆమ్లాలతో పాటు సెక్వొయిటాల్ కావాలి. అమెరికాలోని బాటస్ ఫైలెనార్ అనే జాతికి అవే ఆమ్లాలతో పాటు పినిటాల్ కావాలి. సెక్వొయిటాల్, పినిటాల్ రెండూ చక్కెరను పోలిన పదార్థాలే. విషం ‘ఇది ఆ కుటుంబపు మొక్క’ అని చెబుతుంది, దాని పక్కన మామూలు పోషకం లాంటి పదార్థం ఉంటేనే తీర్పు పూర్తవుతుంది.

కామన్ మార్మన్ ఆడవాటిలో ఒక రూపం అచ్చం కామన్ రోజ్‌లా ఉంటుంది. పక్షిని మోసగించే వేషం అది. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి వేషం పనిచేయదు: అది కరివేపాకు దగ్గరికే పోతుంది, కామన్ రోజ్ గాడిదగడపాకు దగ్గరికి పోతుంది. పొలంలో రెక్కలు చూసి తేల్చుకోలేనప్పుడు ఏ ఆకు మీద గుడ్డు పెడుతోందో చూడడమే నమ్మకమైన పద్ధతి.

ఈ వర్గంలోనే తల్లి మోసపోయిన ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక, అందం కోసం తోటల్లో పెంచే అరిస్టలోకియా ఎలిగాన్స్ అనే దక్షిణ అమెరికా తీగ మీద గుడ్లు పెడుతుంది. అది గాడిదగడపాకుకు చుట్టమే. కాలికి రుచి సరిపోయింది, పురుగు కడుపుకు సరిపడలేదు. పురుగులు చచ్చిపోతాయి. ఉత్తర అమెరికాలో మోనార్క్ అనే సీతాకోకచిలుక కూడా యూరప్ నుంచి వచ్చిన విన్సెటాక్సికమ్ తీగ మీద ఇలాగే గుడ్లు పెట్టి పిల్లలను పోగొట్టుకుంటోంది. నర్సరీల్లో బాతు ఆకారపు పూల తీగ అని అమ్మే విదేశీ అరిస్టలోకియాను సీతాకోకచిలుకల కోసం నాటేవాళ్ళు ఆలోచించాల్సింది ఇక్కడే. ఈ నేలదైన నల్లేశ్వరి ఉండగా ఆ ప్రమాదం తెచ్చుకోనక్కరలేదు.

జిల్లేడు మీద తప్పు లెక్క

జిల్లేడు పాలల్లో కార్డినోలైడ్లు ఉంటాయి కాబట్టి, ఆ వర్గపు సీతాకోకచిలుకలు వాటిని రుచి చూసే గుడ్లు పెడతాయని అనుకోవడం సహజం. మోనార్క్ మీద కార్నెల్‌లో హరిబల్, రెన్‌విక్ 1996లో ప్రచురించిన ఫలితం దీనికి భిన్నంగా ఉంది. అమెరికా జిల్లేడు చుట్టమైన అస్క్లేపియాస్ ఆకులో దాని చేత గుడ్డు పెట్టించినవి క్వెర్సెటిన్ గ్లైకోసైడ్లు, అంటే ఫ్లేవనాయిడ్లు. విషం కాదు. మొక్కకు బాగా పేరు తెచ్చిన రసాయనమే సీతాకోకచిలుకకు గుర్తు అయి తీరాలని లేదు. ప్లెయిన్ టైగర్ ఆ మోనార్క్‌కు చుట్టమే.

భాద్రపదంలో చవితి పత్రికి జిల్లేడు, మారేడు, రేగు, గన్నేరు, మామిడి కోస్తారు. ఈ ఐదూ సీతాకోకచిలుకల ఆతిథ్య మొక్కలే: వరుసగా ప్లెయిన్ టైగర్, నిమ్మ సీతాకోకచిలుక, కామన్ పియరో, కామన్ క్రో, కామన్ బారన్ వీటి మీద పెరుగుతాయి. వానలకు చిగుర్లు వచ్చి గుడ్లు పెట్టే కాలం కూడా అదే. కోసేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూసి, గుడ్డున్న కొమ్మను వదిలేస్తే పూజకు లోటేమీ రాదు.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష

కళాశాల విద్యార్థులు ఈ పరీక్షను ఖరీదైన పరికరాలు లేకుండా చేయవచ్చు. కరివేపాకు, నిమ్మ సీతాకోకచిలుక జోడీ దీనికి అనువు. 50 గ్రాముల లేత కరివేపాకు తీసుకుని, దుమ్ము పోయేలా తడిగుడ్డతో తుడిచి, మరుగుతున్న అర లీటరు నీళ్ళలో వేసి పది నిమిషాలు ఉంచాలి. వడకట్టి, సన్నమంట మీద 100 మిల్లీలీటర్లకు ఇగరబెట్టాలి. అప్పుడు ఒక మిల్లీలీటరులో అర గ్రాము ఆకు సారం ఉన్నట్టు లెక్క. ఆకుపచ్చ మందపాటి కాగితాన్ని ఆకు సైజులో కత్తిరించి, సగం ముక్కలకు ఈ సారం, మిగతా సగానికి మామూలు నీళ్ళు పట్టించి నీడన ఆరబెట్టాలి. పరీక్షకు ముందు రెండింటి మీదా సన్నగా నీళ్ళు చిలకరించాలి, ఎండిపోయిన పదార్థం కాలి రోమాలకు సరిగా అందదు.

రెండడుగుల దోమతెర పంజరంలో ఈ ముక్కలను పుల్లలకు గుచ్చి పెట్టి, తోటలో గుడ్లు పెడుతుండగా పట్టిన ఆడదాన్ని వదలాలి. ఇంట్లో పెంచిన ఆడదైతే మగదానితో జతకూడకపోయి ఉండవచ్చు, అది గుడ్లు పెట్టకపోతే తప్పు సారానిది కాదు. వదిలే ముందు 100 మిల్లీలీటర్ల నీటికి 10 గ్రాముల చక్కెర కలిపి దూదితో తాగించాలి. పంజరం నీడలో ఉంటే అది కదలదు, నడినెత్తి ఎండలో ఉంటే తెరకు కొట్టుకుని అలిసిపోతుంది. పొద్దున పది ప్రాంతంలో పలుచటి ఎండ తగిలేచోట పెట్టాలి. అరగంటకోసారి ముక్కల స్థానాలు మార్చాలి, లేకపోతే వెలుతురు వైపున్న ముక్క మీద ఎక్కువ గుడ్లు పడి ఫలితం తప్పుతుంది.

మరిగించడం వల్ల వాసన చాలావరకు ఎగిరిపోతుంది. కనుక ఈ పరీక్ష కొలిచేది కాలి రుచినే. ఆదొండతో చేసేవాళ్ళు ఆకును ముందు నూరకూడదు. పచ్చిగా నూరితే మైరోసినేజ్ గ్లూకోసినొలేటును విరగ్గొట్టేస్తుంది, కావలసిన పదార్థం సారంలో మిగలదు. ఆకును తుంచకుండా మరిగే నీళ్ళలో వేస్తే ఎంజైము ముందే చచ్చిపోతుంది. ఈ పరీక్షకు గాడిదగడపాకు వాడకపోవడమే మంచిది. జిల్లేడైతే పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి.

నారుమడిలో, గట్టు మీద

కాపు చీనీ చెట్టుకు ఈ పురుగు వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. ప్రమాదం అంటుమొక్కలకూ, ఏడాది రెండేళ్ళ లేత తోటకూ. బాగా ఎదిగిన పురుగులు కొన్ని చేరితే చిన్న మొక్కను మోడు చేస్తాయి. వెచ్చటి రోజుల్లో గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది, కనుక చిగురు ఉన్నంతకాలం మూడు రోజులకోసారి లేత ఆకులను రెండువైపులా తిప్పి చూసి ఏరివేయాలి. చిన్న పురుగు పక్షి రెట్టలా కనిపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని దాటిపోతారు. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ముల్లాంటి అవయవం బయటపెట్టి ఘాటు వాసన వదిలితే అనుమానం తీరినట్టే. నారుమడి మీద వల కప్పితే ఆకుకూ వలకూ మధ్య జానెడు ఎడం ఉండాలి. ఆకు వలకు ఆనుకుంటే ఆడది వల మీద వాలి, కంతల్లోంచి ఆకు రుచి తెలుసుకుని అక్కడే గుడ్డు పెట్టగలదు. పక్కన కరివేపాకు మళ్ళుంటే సీతాకోకచిలుకలు రెండింటి మధ్యా తిరుగుతాయి.

సీతాకోకచిలుకలు కావాలనుకునే పాఠశాలలు, ఉద్యానవనాలు బంతి, చామంతి నాటి ఆగిపోవడం చూస్తుంటే బాధగా ఉంటుంది. ముందు రావలసినవి ఆకు మొక్కలు: కంచెకు ఆదొండ, మూలకు నల్లేశ్వరి, గోడ పక్క జిల్లేడు, ఒక మారేడు, రెండు కరివేపాకు. నర్సరీ నుంచి తెచ్చేటప్పుడు ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు వాడారా అని అడగాలి. ఇవి మొక్క రసంలోకి ఎక్కి ఆకులోనే ఉంటాయి. ఆకు రుచి సరిపోయి తల్లి గుడ్డు పెట్టినా, పురుగు ఒకటి రెండు కాట్లకే చచ్చిపోతుంది. వాడారని తెలిస్తే, ఆ ఆకులన్నీ రాలి కొత్త చిగురు రెండు మూడు విడతలు వచ్చేదాకా మొక్కను వల కింద ఉంచడం మేలు.

పత్తి పొలంలో గాడిదగడపాకు పంటకు అడ్డమే, సాళ్ళ మధ్య పీకక తప్పదు. గట్టు మీద పాకేదాన్ని మాత్రం వదిలేయవచ్చు. కలుపు మందు కొట్టేటప్పుడు గాలి గట్టు వైపు వీస్తుంటే ఆగి, నాజిల్ నేలకు దగ్గరగా దించి, గట్టుకు మూడు నాలుగు అడుగుల దూరం విడిచి కొడితే ఆ తీగలు బతుకుతాయి.